ప్రతివాదికి పీట వేసిన పత్రిక

1952 ఫిబ్రవరిలో ఇంగ్లండునందు క్రిస్టొఫర్ హిల్, రాడ్నీ హిల్టన్, ఎరిక్ హాబ్స్‌బామ్ ప్రభృతులు, జాన్ మారిస్ సంపాదకత్వమున, ‘పాస్ట్ అండ్ ప్రెజెంట్’ అను చరిత్ర పత్రికను వెలువరించిరి. వారిలో పలువురు కమ్యూనిస్టులు. సకల యుగములకును చోటొసగిన పత్రికయే యైనను, తొలి ఆధునిక యుగమునకు, అందునను 17వ శతాబ్దమునకు, అది చేసిన సేవ అసామాన్యము.

1640లో క్యాటలోనియా, పోర్చుగల్ స్పెయిన్ రాజుపై తిరుగబడినవి; 1647లో నేపుల్సు నగరమున పండ్లపై విధించిన పన్నును ధిక్కరించి మసానియెల్లో యను చేపలవాడు జనమును లేవదీసెను; మరుసటి యేట పారిసులో ఫ్రోండు కలహము రేగెను; 1649 జనవరి 30న లండనులో చార్లెసు రాజు శిరస్సు తెగిపడెను. ఒక్క దశాబ్దమున ఇన్ని సింహాసనములు కంపించుటకు హేతువేమి? భూస్వామ్య వ్యవస్థనుండి పెట్టుబడిదారీ వ్యవస్థకు జరిగిన పరిణామమునందలి కడపటి సంకటమే దీనికి మూలమని 1954లో హాబ్స్‌బామ్ రెండు సంచికలలో వాదించెను. మార్క్సువాదమునకు బద్ధవిరోధియైన హ్యూ ట్రెవర్‌రోపర్ 1959లో అదే పత్రికలో దానిని ఖండించి, ఉద్యోగులతో, ఆడంబరములతో బలిసిన రాజాస్థానముల భారమును మోయలేక దేశములు తిరుగబడెనని నిరూపింప యత్నించెను. అంతట సంపాదకవర్గమున కొత్తగా చేరిన జాన్ ఎలియట్, క్యాటలోనియా విషయమున ఇదియు పొసగదనెను. సైనికులను తమ యిండ్లలో దింపుకొని పోషింపవలసివచ్చిన పల్లెజనులను రేపినది యుద్ధభారమే కాని కొలువు వైభవము కాదని ఆయన తలంపు. నాకును అదియే సబబని తోచును. ఎవరి పక్షము ఎట్లున్నను, తమ సిద్ధాంతమును కూలద్రోయ వచ్చినవానికి తమ పుటలనే పరచిన ఆ సంపాదకుల నిష్ఠ నమస్కరింపదగినది. ఆ వాదప్రతివాదములు 1965లో ట్రెవర్ ఆస్టన్ సంపాదకత్వమున గ్రంథరూపము దాల్చినవి.

ఆ ప్రశ్న ఆసియాకును ప్రాకినది. గోల్కొండలో మొగలు పరిపాలనపై 1975లో గ్రంథము వెలువరించిన జాన్ రిచర్డ్స్, 1990లో ‘మోడరన్ ఏషియన్ స్టడీస్’ పత్రికలో, దక్షిణాసియాకు అట్టి సంక్షోభము అన్వయించునా యని పరిశీలించెను. 1636లో షాజహానుకు తలయొగ్గి 1687లో ఔరంగజేబు వశమైన గోల్కొండ చరిత్ర మనదే. మచిలీపట్టణపు నేతగాండ్రకు, కృష్ణాతీరపు రైతులకు ఆ శతాబ్దము ఎట్లు గడచెనో మన పరిశోధకులు తెలుగులోనే తర్కింపవలెను. అట్టి వ్యాసమును ప్రకటించు తెలుగు సంపాదకులు, దానిని ఖండించు వ్యాసమును సైతము మరుసటి సంచికలోనే అచ్చువేయవలెనని నా ప్రార్థన.