నీటి మజిలీలు: కడప, కర్నూలు సీమల్లో శ్రీశైల కాలినడక దారి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్రీశైల క్షేత్ర చరిత్రను ఇంతవరకు ప్రధానంగా ఆలయ శాసనాలు, స్థలపురాణాలు, శైవ వాఙ్మయం ఆధారంగా రాశారు. క్షేత్రానికి చేరవేసిన దారి ఆ చరిత్రలో నేపథ్యంగా మాత్రమే మిగిలింది. కడప, కర్నూలు ప్రాంతాల మీదుగా సాగిన కాలినడక దారిని వేసవి, నీరు, నీడ అనే మూడు అంశాల నుంచి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. 1830 నాటి ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణం ఇందులో ముఖ్య ఆధారం.

కీలకపదాలు: శ్రీశైలం, నల్లమల, కాశీయాత్ర చరిత్ర, ఉగాది పాదయాత్ర, చలివేంద్రం, బోయీలు.

1. ఉపోద్ఘాతం

రాయలసీమలో దూరాన్ని ఆమడలతో కొలిచేవారు. వేసవిలో మాత్రం ఆ కొలత చాలదు. తరువాతి నీటి తావు ఎంత దూరమన్నదే బాటసారికి అసలు ప్రశ్న. పెన్న, కుందూ వంటి నదులు ఎండాకాలంలో ఇసుక మేటలుగా మారి, చెలమలు తవ్వితే తప్ప నీరు దొరకని స్థితి ఈ సీమకు కొత్త కాదు. నల్లమల ఆకు రాల్చే అడవి. చెట్లు మోడువారే కాలమూ ఎండలు ముదిరే కాలమూ ఒకటే. అందువల్ల అడవిలోకి ప్రవేశించిన యాత్రికునికి నీడ దొరుకుతుందన్న ఊహ ఫాల్గుణ, చైత్ర మాసాలలో నిజం కాదు.

ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం వెళ్లే పాత దారిలోని మజిలీల పేర్లు ఈ విషయాన్నే చెబుతాయి. వెంకటాపురం, నాగలూటి దాటిన తరువాత వచ్చేవి పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను. చెరువు, బావి, కొలను అనే ఈ మూడు నీటి తావులు దాటితే కైలాసద్వారం. ఈ దారిని గుర్తుపెట్టుకున్నవారు దానిని నీటి పేర్లతోనే గుర్తుపెట్టుకున్నారు.

2. ద్వారాలు, ఊటలు

సంప్రదాయం శ్రీశైలానికి నాలుగు ద్వారాలను చెబుతుంది: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఉపద్వారాలలో పుష్పగిరి, సంగమేశ్వరం, సోమశిల, ఏలేశ్వరం ఉన్నాయి. వీటిలో సిద్ధవటం, పుష్పగిరి కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్నాయి. సంగమేశ్వరం కృష్ణా తీరాన పాత కర్నూలు జిల్లాకు చెందింది. ద్వారం అనే భావనను ఆధ్యాత్మికార్థంలో వివరించడం పరిపాటి. దానికి ప్రయాణపరమైన అర్థం కూడా ఉంది. ద్వారక్షేత్రం నీరు, అన్నం, తోడు దొరికే చోటు. విడివిడిగా వచ్చినవారు అక్కడ గుంపుగా కూడి ముందుకు సాగే వీలుంటుంది.

కడప నుంచి ఉత్తరంగా నడిచే దారికీ ఇటువంటి తర్కమే ఉంది. అహోబిలం, మహానంది, బండి ఆత్మకూరు సమీపంలోని ఓంకారం నల్లమల పడమటి అంచున వరుసగా కనిపిస్తాయి. కొండల నుంచి దిగే నీరు ఊటలుగా, వాగులుగా బయటపడే అంచు ఇది. మహానంది కోనేటి నీరు వేసవిలోనూ ఆగక కింది పొలాలకు పారుతుంది. క్షేత్రాలు వెలసిన తరువాత దారి ఏర్పడిందా, నీటి వెంట నడిచిన దారి మీద క్షేత్రాలు వెలశాయా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండకపోవచ్చు. ఈ రెండూ ఒకే రేఖ మీద ఉండటం మాత్రం కాకతాళీయమని అనుకోలేము.

3. శివరాత్రి నడక, ఉగాది నడక

శ్రీశైల యాత్రకు సాహిత్యంలో లభించే విస్తృతమైన వర్ణన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం. శివరాత్రికి తరలివచ్చే భక్తజనం, వారు పాడే తుమ్మెదపదాలు, ప్రభాతపదాలు, పర్వతపదాలు, శంకరపదాలు, వెన్నెలపదాలు అందులో నమోదయ్యాయి. జానపద గేయచరిత్రకారులు ఈ జాబితాను పాటల ఉనికికి సాక్ష్యంగా తరచు ఉదాహరిస్తారు. నడక దృష్టితో చూస్తే దీనికి మరొక విలువ ఉంది. దీర్ఘమైన నడకలో పాట అడుగుకు లయను, గుంపుకు కట్టుబాటును ఇస్తుంది. వెనుకబడినవాడు పాట వినబడే దిక్కుకు నడవగలడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని సామెత. అంటే సోమనాథుడు వర్ణించిన జనం చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని సంధికాలంలో నడిచారు. ఉగాది యాత్ర పరిస్థితి వేరు. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చే భక్తులు ఫాల్గుణంలో బయలుదేరి, కర్నూలు సీమను అడ్డంగా దాటి, ఆత్మకూరు మీదుగా నల్లమలలో ప్రవేశిస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి ఉగాదికి సారె తెచ్చే ఆచారం వారిది. వీరశైవ పంచపీఠాలలో ఒకటి శ్రీశైలంలో ఉండటం ఈ అనుబంధాన్ని సుస్థిరం చేసింది. ఈ యాత్రకు ఎండ యాదృచ్ఛికంగా ఎదురయ్యే అడ్డంకి కాదు. ఆ తిథిని ఎంచుకోవడంతోనే ఎండను కూడా వ్రతంలో భాగంగా స్వీకరించినట్లయింది.

యాత్రలో శరీరం పడే శ్రమను గమనించిన మరొక రచన తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము. కడప సీమలోని తాళ్లపాక నుంచి తిరుమలకు బయలుదేరిన బాలుడు కొండ ఎక్కుతూ ఆకలితో, బడలికతో సొమ్మసిల్లడం, అలమేలుమంగ ప్రత్యక్షమై చెప్పులు విడిచి నడవమని చెప్పి ప్రసాదం పెట్టడం అందులోని ఘట్టం. గమ్యం వేరైనా ఇక్కడ రెండు విషయాలు గమనార్హం. యాత్రికుడు అప్పటివరకు పాదరక్షలతోనే నడిచాడు. అతనికి మొదట అందింది అన్నం. కవిత్వం ఆ తరువాత వచ్చింది.

4. మెట్లు, బావులు, నీడలు

రెడ్డిరాజులలో ప్రోలయ వేమారెడ్డికి శ్రీశైల, అహోబిలాలకు మెట్లు కట్టించినవాడన్న ఖ్యాతి ఉంది. హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. కృష్ణదేవరాయలు శ్రీశైలంలో రథవీథికి ఇరువైపులా మండపాలు నిర్మింపజేశాడు. వీటిని ఆలయ వాస్తు విభాగంలో చేర్చి చదవడం అలవాటు. యాత్రికుని వైపు నుంచి చూస్తే మెట్లు నీటిని చేరే సాధనాలు, మండపాలు ఎండ నుంచి రక్షించే చోట్లు. ఎత్తైన పర్వతం మీద నిలబడి కింద కనబడే కృష్ణను చేరలేని దప్పికకు విఠలాంబ మెట్లు సమాధానం.

ధర్మశాస్త్రాలు ప్రపాదానం అన్నదాన్ని జనం చలిపందిరి, చలివేంద్రం అన్నారు. ప్రబంధాల గ్రీష్మ వర్ణనలలో నీళ్లు పోసే ప్రపాపాలిక శృంగారపాత్రగా స్థిరపడింది. కవిసమయం వెనుక ఉన్న వ్యవస్థను మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు. కుండలు ఎవరు చేశారు, నీళ్లు ఎవరు మోశారు, ఆ పనికి మాన్యం ఏమిచ్చారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగారు అన్నవి చలివేంద్రం చరిత్రలో తప్పనిసరి ప్రశ్నలు. కులవ్యవస్థ దారి మీద ఎలా పనిచేసిందో తెలుసుకోవడానికి నీళ్లకుండ కంటే మంచి ఆధారం దొరకదు.

దారిదానం భాషను కంపెనీ పాలకులు కూడా గ్రహించారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో దత్తమండలాల పర్యటనలో ఉండగా 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. అక్కడ అతని స్మారకంగా చెట్లతోపు, మెట్లబావి ఏర్పడ్డాయి. బాటసారికి నీరు, నీడ ఇవ్వడమే స్మరణకు తగిన రూపమని ఈ సీమ సంప్రదాయం చెబుతుంది. వలస ప్రభుత్వం దానినే అనుసరించింది. దారి మీద కలరా గవర్నరును కూడా వదలలేదన్నది ఇందులోని మరొక పాఠం. కలుషితమైన నీరు నీటి కరువంత ప్రమాదకరమైంది.

5. కాశీయాత్ర చరిత్ర: ఎవరు నడిచారు?

చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఆయన రాసి పంపిన విశేషాలను కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ గ్రంథరూపంలోకి తెచ్చాడు. అది 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించి మళ్లీ ప్రకటించారు.

బయలుదేరిన తేదీని కార్తెల లెక్కలోకి మారిస్తే ప్రయాణ స్వభావం స్పష్టమవుతుంది. కృత్తిక కార్తెలో ఇల్లు విడిచి, రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెకు, మృగశిరకు ఆయన కడప, కర్నూలు సీమల దారిలో ఉన్నాడు. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, ఆత్మకూరు మీదుగా నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దాటి శ్రీశైలం చేరాడు. తరువాత నివృత్తి సంగమం వైపు వెళ్లి కృష్ణ దాటాడు. ప్రతి మజిలీలో నీటి వసతి, దిగే చోటు, అంగళ్లు, బాట స్థితి నమోదు చేయడం ఆయన పద్ధతి. సాహిత్య చరిత్రకారులు దీనిని తెలుగు యాత్రాచరిత్రలకు ఆద్యంగా భావిస్తారు. ఎండ, నీరు, వసతుల లెక్కపత్రంగా చదివితే ఇదే గ్రంథం రాయలసీమ దారుల చరిత్రకు అమూల్యమైన ఆధారం అవుతుంది.

అయితే వీరాస్వామయ్య ప్రయాణించింది పల్లకిలో. బోయీల ప్రస్తావన గ్రంథంలో పలుమార్లు వస్తుంది, కాని గ్రంథంలోని 'నేను' వారిది కాదు. చెన్నపట్నం నుంచి శ్రీశైలం దాకా వేసవిలో నిజంగా నడిచినవారు బోయీలూ పరివారమూ. బాట బాగున్నదనో రాతిదనో గ్రంథంలో చదివే ప్రతి వాక్యం మొదట వారి అరికాళ్లకు తెలిసినది, ఆ తరువాత పల్లకిలోని కలానికి చేరినది. కాశీయాత్ర పుణ్యం ఎవరి ఖాతాలో చేరిందన్నది భక్తులు తేల్చుకోవలసిన విషయం. శ్రమ ఎవరి శరీరం మీద పడిందన్నది చరిత్రకారుడు నమోదు చేయవలసిన విషయం. ఈ భేదాన్ని గుర్తించకుండా దీనిని 'తొలి తెలుగు యాత్రానుభవం' అనడం అనుభవాన్ని అక్షరాస్యతకు పరిమితం చేయడమే.

6. తోడు, సుంకం

వీరాస్వామయ్య కడప సీమలో కంపెనీ పాలనలో ప్రయాణించాడు. కర్నూలు సీమలో ప్రవేశించగానే నవాబు ఏలుబడి మొదలైంది. శ్రీశైల యాత్రికుల నుంచి నవాబు ప్రభుత్వం సుంకం రాబట్టేది. 1839లో నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను తొలగించి కంపెనీ కర్నూలును ఆక్రమించింది. ఆ తరువాత ఆలయ నిర్వహణ పుష్పగిరి పీఠానికి చేరింది. దక్షిణపు ఉపద్వారమే కొంతకాలం ఆలయానికి యజమాని కావడం ఈ దారి చరిత్రలో విశేషం.

నల్లమలలో యాత్రికులకు దారి చూపి, కావలి కాసినవారు చెంచులు. అందుకు యాత్రికుల నుంచి రుసుము పొందే హక్కు వారికి ఆచారంగా ఉండేది. పాలకుడు తీసుకున్న సుంకాన్నీ చెంచు తీసుకున్న రుసుమునూ ఒకే గాటన కట్టడానికి వీలులేదు. మొదటిది అధికారానికి చెల్లించినది, రెండవది వేసవిలో ఏ కుంటలో నీరు మిగిలి ఉందో తెలిసిన జ్ఞానానికి చెల్లించినది. వలస కాలపు రాతలలో చెంచులు ఎక్కువగా అనుమానితులుగానే కనబడతారు. వారి జ్ఞానం మీద ఆధారపడి క్షేమంగా కొండకు చేరినవారి సంఖ్యను ఆ రాతలు లెక్కించలేదు.

7. నేటి దారి

శ్రీశైలానికి ఘాట్‌రోడ్లు పడిన తరువాత కాలినడక అవసరం తీరింది. ఆచారం మాత్రం నిలిచింది. దారి భౌగోళికం కూడా మారింది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు సంగమేశ్వరం మునిగిపోతుంది. నీరు తగ్గే వేసవిలో ఆ ఉపద్వారం మళ్లీ బయటపడుతుంది. నల్లమల అడవిదారి ఇప్పుడు పులుల అభయారణ్య పరిధిలో ఉంది. ఉత్సవ దినాలలో అటవీశాఖ అనుమతితోనే నడక సాగుతుంది. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఆత్మకూరు, శ్రీశైలం, మహానంది, అహోబిలం నంద్యాల జిల్లాలో చేరాయి. కనుక పాత రికార్డులలోని కర్నూలు జిల్లాను చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఉగాది ముందు రోజులలో కన్నడ భక్తుల బృందాలు కర్నూలు సీమ ఊళ్ల మీదుగా సాగుతున్నప్పుడు దారి వెంట గ్రామస్థులు మజ్జిగ, అన్నం అందించడం నేటికీ ఉంది. నడిచేవారి భాష కన్నడం, నీళ్లు పోసేవారి భాష తెలుగు. భాషారాష్ట్రాల సరిహద్దులకంటే పాతదైన ఈ సంబంధానికి శాసనం లేదు. ఏటా వేసవిలో అది మళ్లీ ఆచరణలోకి రావడమే దానికి సాక్ష్యం.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కడప, కర్నూలు సీమల యాత్రామార్గం నీటి తావుల వెంట రూపుదిద్దుకొంది. రెండవది, శాసనాలలో ఆలయనిర్మాణంగా లెక్కించిన మెట్లు, మండపాలు దారి సదుపాయాలుగా కూడా చదవదగినవి. మూడవది, యాత్రాసాహిత్యంలో రాసినవారికీ నడిచినవారికీ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించకపోతే యాత్రాచరిత్ర అసమగ్రం.

నాగలూటి నుంచి కైలాసద్వారం దాకా ఉన్న బావులు, కుంటలు, మండపాలను క్షేత్రపర్యటన ద్వారా నమోదు చేయడం, చెంచు పెద్దల నుంచి నీటి తావుల పేర్లు, కథలు సేకరించడం తక్షణం జరగవలసిన పనులు. శాసనం రాతి మీద ఉంటుంది, దానికి తొందర లేదు. ఏ కుంట ఏ కార్తె దాకా నిలుస్తుందో తెలిసిన మనుషులు మాత్రం తరానికి కొందరే మిగులుతారు.