మెట్టసీమ బాటసారులు - పుట్టి ప్రయాణములు

మదనపల్లెకు బాహుద, పుంగనూరు పలమనేరు ప్రాంతమునకు కౌండిన్య, కుప్పము సీమకు పాలారు. మూడును వానకాలపు టేళ్లే. వీనిలో నీరున్న దినములకంటె ఇసుక యున్న దినములే యెక్కువ. ఇట్టి చోటినుండి యోడప్రయాణములను గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. తెలుగువారి పడవలన్నంతనే గోదావరీ కృష్ణల డెల్టాలను, కోరంగి రేవును తలచుట మనకు వాడుక. కాని మెట్టసీమవానికి ఏరు దారి కాదు, దారికి అడ్డము.

ఈ యూళ్లనుండి ఆనెగొందికి పోవలెనన్న తుంగభద్రయు, కాశికి పోవలెనన్న పెన్న మొదలు కృష్ణా గోదావరులును అడ్డము వచ్చును. అట్టి రేవులలో బాటసారికి దిక్కు పుట్టి. హరిగోలనునదియు నిదియే. వెదురు బద్దలతో గుండ్రని గంపవలె అల్లి, వెలుపల తోలు కప్పుదురు. (కైఫియతులలో పుట్టి యన్నచోట నెల్ల ఓడ యని పరిశోధక విద్యార్థులు భ్రమపడరాదు, ఇరువది తూముల ధాన్యపు కొలతయు పుట్టియే.) 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసువాడు డొమింగో పేయిస్, జనులు ఇట్టివానిలోనే ఆనెగొందికి దాటుచుండిరనియు, ఒక్కొక్కదానిలో 15, 20 మంది పట్టుదురనియు, అవి తిన్నగా పోక తిరుగుచు పోవుననియు వ్రాసెను. గుఱ్ఱములను, ఎద్దులను ఎక్కింపవచ్చునట. అయినను అవి తఱచుగా ఈదియే దాటునట.

ఈ తిరుగుడును చూచి పుట్టిని మోటు సాధనమని త్రోసివేయుట తగదని మా యభిప్రాయము. ఏడాదిలో పెక్కునెలలు నీరులేని రేవున కొయ్యపడవ యెండి బీటలు వాఱును. పుట్టినో, పని తీఱినంతనే గట్టునకెత్తి యారబెట్టవచ్చును, తలపై మోసికొని పోవచ్చును. లోతులేని నీటను, బండల నడుమను సాగును. బాబిలోనుకు దిగివచ్చు గుండ్రని తోలు పడవలను అచట విప్పి, తోళ్లను గాడిదలపై కెత్తి మరలించుకొని పోవుదురని హెరొడోటసు చెప్పినదియు నిట్టి యుపాయమే. ఐతే నానిన తోలు కుళ్లును. వరద యుద్ధృతమైనచో తెడ్డు చెల్లదు. అప్పుడు గట్టునే దినములు గడపవలెను. మూటలోని బియ్యము తఱుగుచుండును. "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినాక బోడి మల్లన్న" యను సామెతలో పరిహాసమెంతయో, ఆ గట్టుమీది దైన్యమును అంతయే కలదు.

కావున ముందుచూపంతయు పుట్టికొఱకే. 1803లో మరాఠాలపై దండెత్తిన ఆర్థర్ వెల్లెస్లీ సైతము నదులు పొంగుటకు ముందే పుట్లను సిద్ధపఱుపుమని యుత్తరువు లిచ్చెను. పుట్లు లేని శత్రువునకు నిండుటేరు అడ్డుగోడ యగునని యాతని లెక్క.

సేన లేని యాత్రికుడు మాత్ర మేమి చేయగలడు? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, సుమారు నూర్గురు పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. వానకాలమంతయు దారిలోనే గడచెను. గంగపై చాలదూరము పడవలలో సాగెను. ఆయన మజిలీ మజిలీకి బాటను, అంగళ్లను, ఏళ్లను గుర్తించి వ్రాసిన కాశీయాత్రచరిత్రను మనము క్షేత్రములకొఱకు చదువుచున్నాము. రేవులకొఱకు చదివినవారు అరుదు.