ఎముకను కోసిన గొలుసు, కట్టెను కోసే గొలుసు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకిన తరువాత కొన్ని వారాల పాటు మా చోడవరం ప్రాంతంలో తెల్లవారింది మొదలు వినవచ్చిన ధ్వని చైన్ రంపానిది. రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను తొలగించాక, మామిడి, చింత, నీలగిరి దుంగలెన్నో వంటచెరకుగా కట్టెల అడితులకు చేరాయి. ఆ యంత్రపు గొలుసును గురించి ఒక వైద్యుడు వ్రాయడం మీకు వింతగా తోచవచ్చు. కాని ఆ గొలుసు మొదట పుట్టింది మా వృత్తిలోనే.

ఆనాటి శస్త్రచికిత్సను ఒకసారి ఊహించుకోండి. మత్తుమందు లేదు, ఈథరు ప్రభావం లోకానికి తెలిసింది 1846లో. కుళ్లిన ఎముకను తీసివేయాలంటే రంపాన్ని ముందుకు వెనుకకు ఆడించాలి. అది ఎముకతో పాటు చుట్టుపక్కల కండను, నరాన్ని, రక్తనాళాన్ని కూడా చీల్చేది. 18వ శతాబ్ది చివర స్కాట్లాండు వైద్యులు జాన్ అయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ ఇందుకు ఉపాయంగా గడియారపు గొలుసు వంటి సన్నని గొలుసుకు పళ్లు అమర్చారు. దానిని ఎముక కిందుగా దూర్చి, రెండు కొసల పిడులను మార్చి మార్చి లాగేవారు. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల ముందరి సంధిని విడదీయడానికి కూడా దీనిని ఉద్దేశించారు. సిజేరియన్ అంటే దాదాపు తల్లి మరణమే అయిన రోజులవి. చైన్ రంపాన్ని కాన్పుల కోసమే కనిపెట్టారంటూ ఈనాడు వాట్సాప్‌లో బొమ్మలతో తిరిగే వార్తలో నిజం ఇంతమాత్రమే. ఆ బొమ్మలోని పెట్రోలు యంత్రానికి, ఆ చేతిగొలుసుకు నడుమ నూట నలభై ఏళ్ల దూరం ఉంది.

1830 ప్రాంతంలో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌కు చెందిన బెర్న్‌హార్డ్ హైనే మరొక అడుగు వేశాడు. పలుచని బద్దె అంచు చుట్టూ పళ్ల గొలుసును అమర్చి, పిడి తిప్పితే అది పరుగెత్తేటట్లు చేశాడు. నేటి చైన్ రంపపు రూపం అందులో స్పష్టంగా కనబడుతుంది. గొలుసు వలన ప్రయోజనం ఒక్కటే: కోత ఎముకకు పరిమితం కావాలి, పక్కనున్న మాంసానికి హాని కలుగరాదు.

అడవిలోకి గొలుసు వేరే దారిన వచ్చింది. 1926లో ఆండ్రియాస్ ష్టీల్ విద్యుత్తుతో నడిచేదానిని, మరుసటి ఏట ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచేదానిని తెచ్చారు. ఇద్దరు పట్టుకుంటే గాని కదలని బరువులవి. పళ్లు మాత్రం పాత చేతిరంపపు పళ్లే. కట్టెను గోకేవే తప్ప చెక్కేవి కావు. త్వరగా మొద్దుబారేవి. వాటికి పదును పెట్టడం నిపుణుడి పని.

ఈ చిక్కును విప్పినది ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కలప కూలీ, మొద్దును తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను చూచాడు. దాని రెండు దవడలు కుడి ఎడమలుగా వంపు తిరిగి, కట్టె పీచుకు అడ్డంగానూ నిలువుగానూ సునాయాసంగా కొరుకుతున్నాయి. ఆ దవడల తీరునే ఉక్కులో పోతపోసినట్లు కుడికొకటి ఎడమకొకటిగా వంకర పళ్లు చేసి, 1947లో అమ్మకానికి పెట్టాడు. నేడు మన అడితుల్లో తిరిగే గొలుసులన్నీ ఆ కుదురులోనివే. పంటి లోపలి వంపు గుండ్రంగా ఉన్నందువలననే సామాన్యుడు సైతం గుండ్రని ఆకురాయితో దానికి పదును పెట్టుకోగలుగుతున్నాడు.

కొనేటప్పుడు బార్ మీద చెక్కిన అంకెలు చూడండి. పిచ్, గేజ్, లింకుల సంఖ్య మూడూ కలియాలి. పంటి మూల కోణంగా ఉండే ఫుల్ చిజిల్ గొలుసు శుభ్రమైన కలపలో వేగంగా కోస్తుంది, కాని ఇసుక తగిలితే వెంటనే చెడుతుంది. మన కట్టెలు నేల మీద ఈడ్చినవి, మట్టి అంటినవి. సరుగుడైతే ఇసుక నేలలో పెరిగినది. కావున మూల గుండ్రంగా ఉండే సెమీ చిజిల్ మనకు మేలు. వెనక్కి తన్నే గుణం తక్కువగా ఉన్న గొలుసు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి. ముఖానికి, మెడకు తగిలే గాయాల్లో అనేకం ఆ తన్నుడు వలన కలిగేవే.

పదును పోయిందని తెలిపేది పొట్టు. పలుకులు పలుకులుగా రాలుతుంటే మంచిది. పిండిలా రాలితే ఇంజను ఆపండి. కోత పక్కకు వంకర పోతున్నదంటే ఒక వైపు పళ్లు పొట్టివైనాయన్న మాట. 0.325 అంగుళాల పిచ్‌కు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, మూడు బై ఎనిమిది లో ప్రొఫైల్‌కు 4 మిల్లీమీటర్లది సాధారణంగా సరిపోతుంది. సుమారు 30 డిగ్రీల వాలున, లోపలి నుండి వెలుపలికి, ముందుకు మాత్రమే తోయాలి. ప్రతి పంటికీ అన్నే తోపులు. పంటి ముందున్న చిన్న గుబ్బ పంటి కన్నా దాదాపు 0.65 మిల్లీమీటర్లు దిగువన ఉండాలి. త్వరగా కోయాలని దానిని మరీ అరగదీస్తే గొలుసు కట్టెను పట్టి లాగుతుంది, తన్నుతుంది.

మొద్దు గొలుసుకు మూల్యం చెల్లించేది చేయి. కోత సాగక నొక్కుతాము. నొక్కిన కొద్దీ కంపం ఎముకల్లోకి ఎక్కుతుంది, పని గంటలూ పెరుగుతాయి. కంపించే పనిముట్ల వలన వేళ్లు పాలిపోవడాన్ని 1918లోనే ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాతి గనుల కార్మికుల్లో వర్ణించింది. 1960ల్లో అదే బాధ ఐరోపా, జపాను అడవుల్లో చైన్ రంపాలవారిలో విరివిగా బయటపడింది. పిడులకు రబ్బరు, స్ప్రింగుల అమరిక వచ్చింది అటు తరువాతనే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కట్టెలు కోసే ఒక వ్యక్తి రాత్రులు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నదని, చొక్కా గుండీలు పెట్టుకోలేకున్నానని నా వద్దకు వచ్చాడు. పుస్తకంలో చదివిన తెల్లని వేళ్లు అతనికి లేవు. మెడ ఎముకల అరుగుదలకు మందులు వ్రాశాను. వేళ్లు తెల్లబడడానికి చలి తోడు కావాలని, మన వేడి ప్రాంతాల్లో తిమ్మిరి, పట్టు సడలడం మాత్రమే కనిపించవచ్చునని నేను గ్రహించేసరికి రెండేళ్లు గడిచాయి. అదే మనిషి పాడేరు చలిలో పనిచేసి ఉంటే ముందే పట్టుకునేవాడినేమో. నరం ఒకసారి బాగా దెబ్బతింటే పూర్తిగా కోలుకోదు.

మీ ఇంట ఈ పని చేసేవారుంటే, పొగాకు మాన్పించండి, గంటల తరబడి ఒక్కరే కోయకుండా చేతులు మార్చుకోమనండి, చెవులకు రక్షణ పెట్టించండి. వేళ్లు మొద్దుబారుతున్నాయని వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, ఆయన అడగకపోయినా, ఏ పనిముట్టుతో రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారో ముందుగా చెప్పండి.