పెద్ద పెట్టె, చిన్న పెట్టె

చార్మినారుకు పడమటి వైపున లాడ్ బజారు ఉన్నది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడం నీడలో తరతరాలుగా గాజుల బేరం సాగుతున్నది. దుకాణంలో కూర్చున్న ఇల్లాలి ముందు రెండు రకాల గాజులు పరుస్తారు. ఒకటి లక్క గాజులు: లక్కను నిప్పు సెగకు మెత్తపరచి, రంగు కలిపి పిసికి, సన్నని కడ్డీగా తీసి, వలయంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా చేతితో అద్దినవి. 2024లో ఈ హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. రెండవ రకం మట్టి గాజులు. ధరలో రెండింటికీ చాలా అంతరమున్నది. అయినా తెలిసిన ఇల్లాలు ‘ఏది మంచిది?’ అని అడుగదు. ఎవరికి, ఎన్నాళ్లకు, ఏ సందర్భానికి అని ముందుగా తనను తాను ప్రశ్నించుకొంటుంది. లక్క గాజు పెండ్లి పందిటికి శోభ. కాని పొయ్యి సెగకు తగదు. మట్టి గాజు చిట్లవచ్చు. అయినా మరొక జత తెచ్చుకొనటం సంసారానికి బరువు కాదు.

ఇదే ప్రశ్న నేడు మరొక వస్తువు విషయంలో ఇంటింటా వినవస్తున్నది. టెలివిజనుకు తగిలించి, అంతర్జాలం ద్వారా పాటలూ చిత్రాలూ రప్పించే పెట్టెను కొనవలెనంటే, వేలకు వేలు పోసి పెద్ద సంస్థ పెట్టెను తేవలెనా, లేక కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట దొరికే చవక పరికరంతో సరిపెట్టుకొనవలెనా? ప్రశ్న క్రొత్తది కాదు. ఇంట్లోకి శబ్దం వచ్చిన నాటి నుంచీ ఇది ఉన్నదే. ఆ చరిత్రను ఒకసారి తిరుగవేసి చూస్తే మన నిర్ణయం కొంత తేలిక కాగలదు.

హైదరాబాదు నగరంలో రేడియో ప్రసారం చిరాగ్ అలీ వీధిలో చిన్న ప్రయత్నంగా మొదలై, 1935లో నిజాం ప్రభుత్వం అధీనంలోకి వచ్చినది. దక్కన్ రేడియో అని పేరు పొందిన ఆ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆనాడు వినదలచిన వారికి రెండు మార్గాలుండేవి. కలిగిన వారు వాల్వుల రేడియోను తెచ్చుకొనేవారు. మీట త్రిప్పిన తరువాత వాల్వులు వేడెక్కే దాకా కొంతసేపు వేచి ఉండవలెను. ఇంటిమీద ఏరియల్ తీగ కట్టవలెను. కాని పొట్టి తరంగాల మీద దూరదేశాలు సైతం పలికేవి. ఇంటిల్లిపాది కూర్చుండి వినగలిగేవారు. రెండవ మార్గం క్రిస్టల్ సెట్టు. ఒక ఖనిజపు ముక్క, ఒక తీగచుట్ట, చెవులకు తగిలించుకొనే ఫోను, ఇంతే. దానికి విద్యుత్తు అక్కరలేదు. అయితే దగ్గరి కేంద్రం తప్ప మరేమీ పలుకదు. ఒకరు వింటూంటే తక్కినవారు ఆ ముఖం చూస్తూ కూర్చుండవలసిందే. చవక పరికరం విన్పించనిది ఏమిటో కొన్నవారికి ఆ క్షణంలోనే తెలిసిపోయేది. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. నేటి చవక పెట్టెకూ దానికీ గల భేదం ఇక్కడే ఉన్నది.

పెట్టె వెలతో ఖర్చు ముగియదన్న సంగతి కూడా ఆనాడే తేలినది. 1927లో బొంబాయి కేంద్రం ప్రారంభమైనప్పుడు శ్రోత సంవత్సరానికి 10 రూపాయల లైసెన్సు రుసుము చెల్లించవలసి ఉండేది. లైసెన్సులు తీసుకొన్నవారు కొద్దిమంది; తీసుకొనకుండానే వింటున్నవారూ ఉన్నారు. రాబడి చాలక, ఆ ప్రసార సంస్థ 1930లో మూతబడినది. లైసెన్సు లేకుండా రేడియోను కలిగి ఉండటమే నేరమని బ్రిటిషిండియా ప్రభుత్వం 1933లో చట్టం చేసినది. ఈ లైసెన్సుల విధానం స్వతంత్ర భారతంలోనూ దశాబ్దాల పాటు కొనసాగి, 1980ల మధ్యకు ముగిసినది. నేడు నెలనెలా చెల్లించే చందాలను చూచి ఆశ్చర్యపడే పెద్దలు, పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకంపై ముద్ర వేయించుకొన్న రోజులను జ్ఞాపకం చేసుకొనవచ్చును.

చవక పెట్టె ఎవరి మేలు కోరి చవక అయినదో విచారించటం కూడా అవసరమే. జర్మనీలో 1933లో ‘ప్రజల రేడియో’ పేరుతో ఒక సెట్టును 76 మార్కులకు విడుదల చేశారు. 1938లో ఇంకా చిన్నదానిని 35 మార్కులకే ఇచ్చారు. పేదవాని ఇంటికి రేడియో వచ్చినదన్న మాట నిజమే. కాని ఆ సెట్టు శక్తి స్వల్పం. మంచి ఏరియల్ లేనిదే విదేశ కేంద్రాలు పలకటం కష్టం. నాజీ ప్రభుత్వానికి కావలసినదీ అదే. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలు కాగానే విదేశీ ప్రసారాలు వినటాన్నే నేరంగా ప్రకటించినది. అక్కడ వెల తగ్గించినవాడు వినికిడిని కూడా తగ్గించినాడు.

అట్లని చవక వస్తువంతా మోసమని తలచరాదు. అందుకు ట్రాన్సిస్టరే సాక్ష్యం. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలు నెలకొల్పిన ఆ విద్య 1954 నాటికి జేబు రేడియోగా బజారుకు వచ్చినది. దాని వెల 49 డాలర్ల 95 సెంట్లు. ధ్వని గాంభీర్యంలో అది పెద్ద వాల్వు సెట్టుకు సాటి కాదు. కాని విద్యుత్తు లేని ఊరికి వెళ్లినది. వెచ్చబడే దాకా వేచి ఉండమనలేదు. పొలం గట్టు మీదా, దుకాణపు గల్లాపెట్టె ప్రక్కనా, పనిచేసే చేతుల దగ్గరా కూర్చున్నది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశమంతటా ఉన్న రేడియోలు సుమారు 2 లక్షల 75 వేలు మాత్రమే. శ్రోతల సంఖ్య లక్షల నుంచి కోట్లకు పెరగటానికి డ్రాయింగు రూములోని పెద్ద పెట్టె కంటె ఈ చిన్న పెట్టె చేసిన సేవయే ఎక్కువ.

టెలివిజను చరిత్రలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. 1975–76లో ఉపగ్రహం ద్వారా దేశంలోని ఆరు ప్రాంతాలలో 2,400 గ్రామాలకు చిత్రాలు పంపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా చేరినవి. గ్రామానికొక సెట్టు, చూచేవారు ఊరంతా. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ఆరంభమైనది. 2004లో ప్రసార భారతి నెలసరి రుసుము లేని డి.టి.హెచ్. సేవను ప్రారంభించినది. ఒకసారి గొడుగునూ పెట్టెనూ కొంటే చాలు. చవకయే అయినా అందులో దాపరికం లేదు. ఏ ఛానెళ్లు వస్తాయో, ఏవి రావో ముందే తెలుసును.

ఇక నేటి పెట్టెల సంగతి. 2007లో ఆపిల్ సంస్థ తన టి.వి. పెట్టెను 299 డాలర్లకు అమ్మినది. 2013లో గూగుల్ వారు క్రోమ్‌కాస్ట్ అనే బొటనవ్రేలంత పరికరాన్ని 35 డాలర్లకే ఇచ్చారు. అమెజాన్ ఫైర్ టి.వి. స్టిక్ 2017లో మన దేశంలో 3,999 రూపాయలకు వచ్చినది. వెల ఎక్కువైన పెట్టెలో చురుకైన ప్రాసెసరు, ఎక్కువ జ్ఞాపకశక్తి, 4కె చిత్రం, ఎక్కువ కాలం సాగే సాఫ్ట్‌వేర్ మరమ్మతులు ఉంటాయి. 4కె అనగా పూర్తి హెచ్.డి. కంటె నాలుగు రెట్లు చుక్కలు గల బొమ్మ. దానిని నెట్‌ఫ్లిక్స్ వంటి చోట చూడవలెనంటే సెకనుకు సుమారు 15 మెగాబిట్ల వేగం కావలెను. ఇంట్లోని టి.వి. మామూలు హెచ్.డి. దైతే ఆ అదనపు చుక్కలు కంటికి అందవు. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు, పెట్టెకు వేలు పోసి, అంతర్జాలానికీ చందాలకూ వెనుదీసే ఇండ్లు లేకపోలేదు.

లాడ్ బజారులో గాజులు కొన్న ఇంటికి మరొక అవసరం కూడా ఉంటుంది. పెండ్లి వీడియోను పెన్‌డ్రైవులో పెట్టి ఇస్తారు. అమ్మమ్మ దానిని పెద్ద తెరపై చూడగోరుతుంది. ఖరీదైన ఆపిల్ టి.వి. 4కె పెట్టెకు పెన్‌డ్రైవ్ పెట్టే యు.ఎస్.బి. రంధ్రమే లేదు, సామాన్యమైన మీడియా ప్లేయరుకు ఉంటుంది. అసలు ఏ పెట్టె కొనకముందే టి.వి. వెనుక భాగం చూచుకొనటం మేలు. అనేక టి.వి.లకు ఆ రంధ్రం పుట్టుకతోనే ఉన్నది.

అయితే చవకలోనూ రెండు జాతులున్నవని మరువరాదు. పేరూ ఊరూ తెలిసిన చిన్న పరికరం ఒక జాతి. ‘అన్ని ఛానెళ్లూ, అన్ని సినిమాలూ ఉచితం’ అని చెప్పి అమ్మే గుర్తింపు లేని ఆండ్రాయిడ్ పెట్టె రెండవ జాతి. గుర్తింపు లేని పెట్టెలలో కొన్ని సినిమా సంస్థల రక్షణ నిబంధనలకు లోబడవు గనుక, చందా కట్టినా తక్కువ నాణ్యత బొమ్మనే చూపుతాయి. అది చిన్న దోషం. పెద్ద దోషం వేరే ఉన్నది. అట్టి పెట్టెలు కొన్ని కర్మాగారం నుంచే దుష్ట ప్రోగ్రాములతో వస్తున్నాయని 2023 నుంచి పరిశోధకులు బయటపెట్టినారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్.బి.ఐ. ప్రజలను హెచ్చరించినది. ఆ పెట్టె మన ఇంటి అంతర్జాలాన్ని తెలియని వారి అక్రమాలకు దారిగా వాడుకొంటుంది. క్రిస్టల్ సెట్టు తన లోపాన్ని చెవికి చెప్పేది. ఈ పెట్టె బొమ్మను చక్కగా చూపుతూనే తన లోపాన్ని దాచుకొంటుంది.

ఖరీదైన సంస్థల పెట్టెకు మాత్రం శాశ్వతత్వమున్నదా? క్రోమ్‌కాస్ట్ తయారీని గూగుల్ 2024 ఆగస్టులో ఆపివేసినది. 2025 మార్చిలో, లోపలి డిజిటల్ ధ్రువపత్రం గడువు తీరినందున, రెండవ తరం క్రోమ్‌కాస్ట్‌లు ఎన్నో ఇండ్లలో ఒక్కసారిగా మూగవోయినవి. సంస్థ కొద్ది రోజులలో సరిచేసినది గాని, పెట్టె మన బల్లమీద ఉన్నా తాళంచెవి మరొకరి చేతిలో ఉన్నదని ఆ నాలుగు రోజులు తెలియజేసినవి. పాత వాల్వు రేడియో అట్లా కాదు. ప్రసారం ఉన్నంత కాలం, వాల్వు దొరికినంత కాలం, ఏ సంస్థ అనుమతీ లేకుండానే పలుకుతుంది.

కావున శ్రోతలు బజారుకు బయలుదేరే ముందు నాలుగు విషయాలు విచారించుకొనటం మంచిది. మన టి.వి. ఎంత చూపగలదు, మన అంతర్జాలం ఎంత మోయగలదు? నెలనెలా ఎంత చెల్లించగలం? తయారుచేసినవారు ఎన్ని సంవత్సరాలు సాఫ్ట్‌వేర్ ఇస్తామంటున్నారు? పెట్టె మీద ఆ తయారీదారు పేరు, గుర్తింపు ఉన్నవా? చివరి ప్రశ్నకు జవాబు లేని పెట్టె ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు. తక్కిన మూడింటికి వచ్చే జవాబులను బట్టి, చాలా ఇండ్లకు పేరున్న చిన్న పెట్టెయే చాలునని తేలుతుంది. పెద్ద తెర, మంచి వేగం, సినిమాపై నిజమైన మక్కువ ఉన్న ఇంటికి పెద్ద పెట్టె వెల దండుగ కాదు.

లాడ్ బజారు గాజుల దుకాణంలో ఇల్లాలు గాజును చేతికి ఎక్కించి చూడనిదే డబ్బు తీయదు. పెట్టెను కూడా అట్లే, వీలైతే మన టి.వి.కి తగిలించి చూచి కొనవలెను.