‘మీరు’ లేని మర్యాద

తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివినా విన్నా ముందుగా తగిలే మాట ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’. ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాను గానీ, అందులోని ‘నీ’ని ఎప్పుడూ పట్టించుకోలేదు. మొక్కేది దొర కాళ్లకి. అయినా ‘మీ’ కాదు, ‘నీ’.

బడిలో నేర్పిన లెక్కలో గౌరవమంటే బహువచనం. తెలంగాణ పల్లె మాటలో మాత్రం పెద్దవాళ్లని ‘నువ్వు’ అనడం మామూలే, అందులో అమర్యాద లేదు. మరి దొరతనం మాటలో ఎక్కడ కనపడాలి? ఎదుటివాణ్ణి పెంచడంలో కాదు, తనని తాను తగ్గించుకోవడంలో. బాంచె అంటే దాసి. ‘నేను’ అనాల్సిన చోట ‘బాంచెన్’ అనాలి. అటువైపు నుంచి మల్లయ్య మల్లిగాడయ్యాడు, ఎల్లమ్మ ఎల్లి అయింది. పేరులోని అయ్యనీ అమ్మనీ కోసేస్తే మిగిలేది వెట్టికి పిలిచే పిలుపే.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. 1940ల నాటికి పల్లెజనానికి అది ‘సంగం’. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక పోరాటం ఊరూరికీ పాకింది. చరిత్రలో మనం ఎకరాలు లెక్కపెడతాం. ‘బాంచెన్’ పోయి ‘నేను’ రావడాన్ని కూడా ఆ లెక్కలో వేసుకోవాలి.

విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడి పంట దక్కించుకున్న పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. జనం నోట మాత్రం చాకలి ఐలమ్మ. మనిషిని కిందనే ఉంచడానికి వాడిన కులం పేరే ఇవాళ హైదరాబాద్ కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం పేరులో ఉంది. మాట అదే, పలికేవాళ్లు మారారు.

ఇక నా సంగతి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది మా నాన్న వయసు. నాకన్నా చిన్నవాడైన మేనేజర్‌ని ‘మీరు’ అంటాను, ఈయన్ని ‘నువ్వు’ అంటాను. ఆయన నన్ను ‘సార్’ అంటారు. పల్లెలో అందరికీ చెల్లే ‘నువ్వు’ కాదు నాది, మనిషిని చూసి వేసే ‘నువ్వు’.

మొన్న రాత్రి గేటు దగ్గర ‘మీరు తిన్నారా?’ అని అడిగాను. ఇంకెవరినో అడుగుతున్నాననుకుని, ఆయన వెనక్కి తిరిగి చూశారు.