తరగతుల గుత్తేదారు, నమోదులో లేని మేస్త్రీ: నకిరేకల్ పరిసరాల నిర్మాణాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రభుత్వ నిర్మాణాలు చేపట్టే గుత్తేదారులను ఆర్థిక స్తోమతను బట్టి తరగతులుగా నమోదు చేసే పద్ధతి ఒకటి, పనిలో ఉన్న కూలీల సంఖ్యను బట్టి లైసెన్సు ఇచ్చే పద్ధతి మరొకటి తెలుగు నేలపై వేర్వేరు శాఖల్లో ఎదిగాయి. నకిరేకల్ చుట్టుపక్కల జరిగిన భారీ నిర్మాణాలను, పాలమూరు మేస్త్రీ వ్యవస్థను నేపథ్యంగా తీసుకొని, ఈ రెండు పద్ధతుల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి ఒకదానితో ఒకటి ముడిపడనందువల్ల కూలీని పనికి తెచ్చే మేస్త్రీ ప్రభుత్వ లెక్కకు వెలుపలే మిగిలిపోయాడని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గుత్త, గుత్తేదారు, నమోదు తరగతులు, మేస్త్రీ, కార్మిక లైసెన్సు, నకిరేకల్, పాలమూరు.

1. ఉపోద్ఘాతం

నకిరేకల్ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీది పట్టణం. ఆ రహదారి పాత సంఖ్య 9, ఇప్పటి సంఖ్య 65. నల్లగొండ, నాగార్జునసాగర్, మాచర్లల మీదుగా ఏర్పేడు దాకా సాగే 565వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే మొదలవుతుంది. పట్టణానికి తూర్పున సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు ఉంది. దక్షిణాన కృష్ణానది మీద నాగార్జునసాగర్ ఆనకట్ట ఉంది. ఏడు దశాబ్దాలుగా ఈ ప్రాంతం ఆనకట్టలు, కాలువలు, రోడ్ల నిర్మాణాన్ని దగ్గర నుంచి చూస్తూ వచ్చింది.

ఇలాంటి నిర్మాణాల చరిత్ర రాసేటప్పుడు శంకుస్థాపన చేసిన నాయకుల పేర్లు, రూపకల్పన చేసిన ఇంజనీర్ల పేర్లు మనకు సులభంగా దొరుకుతాయి. గుత్తేదారు పేరు ఒప్పంద పత్రాల్లో ఉంటుంది. కూలీల పేర్లు, వారిని తెచ్చిన మేస్త్రీ పేరు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. దీన్ని యాదృచ్ఛికమైన లోపంగా భావించలేం. గుత్తేదారుకు అర్హత కల్పించే నిబంధనలు ఏం అడిగాయో, ఏం అడగలేదో పరిశీలిస్తే దీని కారణం తెలుస్తుంది.

2. శాసనాల కాలం: పనివారి లెక్క

తెలుగు ప్రాంతంలో చెరువులు తవ్వించినవారికి దశబంధం పేరుతో మాన్యాలు ఇచ్చే ఆచారం మధ్యయుగ శాసనాల్లో విరివిగా కనిపిస్తుంది. నిర్మాణ బాధ్యత తీసుకున్నవారికి ఆ నీటితో పండే భూమిలో భాగం దక్కేది. నిర్మాణం ముగియగానే సంబంధం తెగిపోయే నేటి గుత్త పద్ధతికీ దీనికీ ఉన్న తేడా గమనార్హం. చెరువు నిలిచినంత కాలమూ నిర్మాతకు ప్రతిఫలం ఉండేది. కాబట్టి కట్ట పటిష్ఠత ఆయన సొంత ప్రయోజనం కూడా. నల్లగొండ పక్కన పానగల్లులోని ఉదయ సముద్రం వంటి జలాశయాలు ఈ ప్రాంతపు చెరువుల సంప్రదాయానికి గుర్తులు.

నిర్మాణానికి పట్టిన శ్రమను నమోదు చేసిన అరుదైన ఉదాహరణ కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం (1369). విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువును గురించి చెప్తూ, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, పరిహరించవలసిన ఆరు దోషాలనూ అది పేర్కొంటుంది. ఆ పనిలో ప్రతిదినం వేయిమంది కూలీలు, రాతికట్టుకు నూరు బండ్లు ఉన్నట్లు, నిర్మాణానికి రెండేళ్లు పట్టినట్లు చెప్తుంది. కూలీల పేర్లు అందులో లేవు. కానీ వారి సంఖ్యను నిర్మాణ వివరాల్లో భాగంగా చెప్పాలన్న స్పృహ ఉంది. తరువాతి కాలపు గుత్తేదారుల నమోదు పత్రాలను ఈ శాసనంతో పోల్చి చూడవచ్చు.

3. గుత్త నుంచి టెండరు దాకా

గుత్త అనేది తెలుగులో పాత మాట. నిర్ణీత మొత్తానికి భూమినో, పన్ను వసూలునో, పనినో ఒప్పుకోవడం దాని అర్థం. నిజాం రాజ్యంలో ప్రజాపనుల శాఖను తామీరాత్ అనేవారు. అక్కడ ఉర్దూ మాట ఠేకా, తెలుగు మాట గుత్త పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. తెలంగాణలో కంట్రాక్టరును నేటికీ గుత్తేదారు అనడం ఆ వాడుక కొనసాగింపే.

అదే రాజ్యంలో నల్లగొండ పల్లెల్లో శ్రమ మరొక రూపంలో కట్టుబడి ఉండేది. వెట్టి, భగేలా పద్ధతుల్లో అప్పు తీసుకున్న మనిషి అప్పిచ్చినవానికి పని చేసి తీర్చాలి. భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ 1936లో హైదరాబాదు ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. పల్లెల్లో ఆ పద్ధతి మాత్రం చాలాకాలం పోలేదు. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ప్రధాన కారణం. ముందుగా సొమ్మిచ్చి మనిషిని పనికి కట్టుకోవడమనే ఈ సూత్రం తరువాత నిర్మాణ రంగంలో ఎలా కనిపించిందో ఆరో భాగంలో చూస్తాం.

ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు ప్రజాపనుల శాఖ పద్ధతులు నడిచాయి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం గుత్తకు న్యాయపరమైన చట్రమైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు నుంచి వచ్చిన ప్రజాపనుల నియమావళి, ప్రామాణిక నిర్దేశాల సంప్రదాయం రాష్ట్రమంతటికీ ప్రాతిపదికయింది. ఇటుక ఎలా కాలాలి, సున్నం ఎలా కలపాలి, మట్టికట్టను ఎలా దిమ్మిస కొట్టాలి అన్న విషయాలు అందులో సవివరంగా ఉంటాయి. వస్తువు నాణ్యతను అంత నిశితంగా పట్టించుకున్న ఈ సంప్రదాయం పనివాడు ఎవరి ద్వారా వచ్చాడన్నది గుత్తేదారు సొంత వ్యవహారంగా వదిలేసింది.

మూసీ, సాగర్ నిర్మాణాలు ఈ సంధికాలానివే. మూసీ ప్రాజెక్టు 1954లో మొదలై 1963లో పూర్తయింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. సాగర్‌ను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా నిర్మించారు. యంత్రాలకన్నా మనుషుల చేతుల మీద ఎక్కువగా ఆధారపడిన నిర్మాణం అది. గుత్తేదారు, అతని కింద చిన్న గుత్తేదారు, అతని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద కూలీల గుంపు అనే వరుస ఇలాంటి భారీ పనుల్లోనే స్థిరపడింది.

4. తరగతుల నిచ్చెన

ప్రభుత్వ పనులకు పోటీపడే గుత్తేదారు ముందుగా శాఖలో నమోదు కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ విధానాన్ని సమగ్రంగా సవరించిన ఉత్తర్వు నీటిపారుదల శాఖ 2003 జూలై 1న జారీ చేసిన జి.ఓ.ఎం.ఎస్. నెం. 94. ప్రత్యేక తరగతి, దాని కింద ఒకటి నుంచి అయిదు వరకు తరగతులు, మొత్తం ఆరు మెట్లు. ఏ తరగతివారు ఎంత విలువ వరకు పనికి టెండరు వేయవచ్చో పరిమితి ఉంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఈ ఉత్తర్వే టెండరు పత్రాల్లో ప్రమాణంగా కొనసాగింది.

నమోదుకు అడిగేవి ప్రధానంగా ఆస్తి స్తోమతను తెలిపే సాల్వెన్సీ పత్రం, గతంలో చేసిన పనుల విలువ, యంత్రసామగ్రి, సాంకేతిక సిబ్బంది, పన్ను పత్రాలు. తరగతి పెరిగేకొద్దీ ఇవన్నీ పెరుగుతాయి. అంచనా విలువకు 5 శాతం మించిన టెండర్లను అంగీకరించరాదన్న పరిమితి, ఎలక్ట్రానిక్ టెండర్ల విధానం ఇదే కాలపు సంస్కరణలు. గుత్తేదారులు కూడబలుక్కొని రేట్లు పెంచడాన్ని, ఇతరులను టెండరు పెట్టె దాకా రానీయకపోవడాన్ని అరికట్టడం వాటి లక్ష్యం.

ఈ నిచ్చెనకు న్యాయమైన ప్రయోజనం ఉంది. స్తోమత లేనివాడు పని మధ్యలో వదిలేస్తే నష్టపోయేది ప్రజల సొమ్ము. అయితే దీనికి రెండు పరిణామాలున్నాయి. మొదటిది, ఆస్తి లేని నిపుణుడికి మొదటి మెట్టు కూడా అందదు. తరతరాలుగా రాయి కొట్టి, మట్టి పని చేసిన వడ్డెర కుటుంబాలకు నైపుణ్యం ఉంది, సాల్వెన్సీ లేదు. శ్రామిక సహకార సంఘాలకు పనులు అప్పగించే ఏర్పాటు ఈ లోటును కొంత పూడ్చేందుకు వచ్చిందే. రెండవది, ఆరు మెట్లలో ఏ మెట్టు దగ్గరా ‘నీ పనికి కూలీలను ఎవరు తెస్తారు?’ అన్న ప్రశ్న అర్హతలో భాగం కాలేదు.

5. లైసెన్సుల మరో దారి

ఆ ప్రశ్న వేసింది కార్మిక శాఖ. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులను పెట్టుకునే గుత్తేదారు 2025 దాకా లైసెన్సు పొందాల్సి ఉండేది. పని చేయించుకునే సంస్థను ఆ చట్టం ప్రధాన యజమాని అనేది. గుత్తేదారు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమానే చెల్లించాల్సి ఉండేది. వేతనం పంచేటప్పుడు ప్రధాన యజమాని ప్రతినిధి అక్కడ ఉండాల్సి వచ్చేది. ప్రభుత్వ పనిలో ఆ బాధ్యత పని చేయించే శాఖదే.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మరింత ముందుకు వెళ్లింది. ఒడిశా దాదన్ కూలీల దుస్థితి దాని నేపథ్యం. అయిదుగురు వలస కార్మికులున్నా అది వర్తించేది. కూలీలను తీసుకొనే రాష్ట్రంలోనూ, పని చేయించే రాష్ట్రంలోనూ లైసెన్సు అవసరమయ్యేది. కార్మికుడికి ఫొటోతో పాసు పుస్తకం ఇవ్వాల్సి ఉండేది. ప్రయాణ భత్యం, స్థానభ్రంశ భత్యం చెల్లించాల్సి ఉండేది. అన్నిటికన్నా ముఖ్యమైనది గుత్తేదారు నిర్వచనం. ఉపగుత్తేదారు, ఖాతాదార్, సర్దార్, ఏజెంటు, లేదా ఏ పేరుతో పిలిచినా కార్మికులను సమీకరించే ప్రతివ్యక్తీ ఆ చట్టం దృష్టిలో గుత్తేదారే. మేస్త్రీ అన్న మాట అందులో లేకపోయినా అతడు ఆ నిర్వచనంలోకి నిస్సందేహంగా వచ్చేవాడు.

సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు వ్యాజ్యాలు ఈ అంశాన్ని స్పష్టం చేశాయి. 1982 నాటి ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనంలో ఒక రూపాయి జమాదార్ల కమీషనుగా పోతున్న సంగతి బయటపడింది. గుత్తేదారుకు పని అప్పగించినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదని న్యాయస్థానం చెప్పింది. 1983లో సలాల్ జలవిద్యుత్ ప్రాజెక్టు కేసులో ఒడిశా కూలీలను తెచ్చిన ఖాతాదార్ల పాత్ర చర్చకు వచ్చింది. జమాదార్, ఖాతాదార్, మేస్త్రీ ఒకే పాత్రకు వేర్వేరు ప్రాంతాలు పెట్టిన పేర్లు.

6. పాలమూరు మేస్త్రీ

నల్లగొండకు పొరుగున ఉన్న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, అంటే పాలమూరు, దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ కూలీలను పంపిన ప్రాంతంగా పేరుపడింది. వర్షాధారపు మెట్ట సేద్యం, తరచూ వచ్చే కరువు అందుకు మూలం. ఈ వలసకు ఒక నిర్మాణం ఉంది. పెద్ద మేస్త్రీ గుత్తేదారుతో మాట్లాడుకుంటాడు. అతని కింద గుంపు మేస్త్రీ తన ఊరిలో, చుట్టుపక్కల ఊళ్లలో కుటుంబాలకు ముందుగా సొమ్మిచ్చి గుంపును కూడగడతాడు. పని కాలం ముగిశాక తిండి ఖర్చులు, తీసుకున్న సొమ్ము తీసివేసి లెక్క చూస్తారు. బాకీ మిగిలితే అది వచ్చే ఏటి పనికి ముడి పడుతుంది.

భగేలాకూ దీనికీ పోలిక స్పష్టం. తేడా కూడా అంతే ముఖ్యం. భగేలాలో యజమాని ఊరి దొర. ఇక్కడ మేస్త్రీ తరచూ కూలీ ఊరివాడు, కొన్నిసార్లు బంధువు. గుత్తేదారు సొమ్ము ఆలస్యమైతే ఊళ్లో నిలదీసేది అతణ్నే. కాబట్టి మేస్త్రీని కేవలం దోపిడీదారుగా చిత్రించడం అసంపూర్ణం. పైనుంచి వచ్చే ఒత్తిడి, కిందనుంచి వచ్చే నమ్మకం రెండూ అతని మీదే ఉంటాయి. చట్టపరమైన గుర్తింపు మాత్రం ఉండదు.

7. చర్చ: రెండు నమోదుల నడుమ ఖాళీ

తరగతుల నమోదు సొమ్మును కొలిచింది. కార్మిక లైసెన్సు తలలను లెక్కించింది. మొదటిది ఇంజనీరింగు శాఖల చేతిలో, రెండవది కార్మిక శాఖ చేతిలో ఉన్నాయి. మొదటిది లేకపోతే టెండరే వేయలేరు కనుక దానికి బలం ఎక్కువ. రెండవది పని మొదలయ్యాక చూపవలసిన కాగితంగా మిగిలింది. గుత్తేదారు తన పేరుమీద లైసెన్సు తీసుకుంటే కాగితం పూర్తవుతుంది. మేస్త్రీ దానిలో కనిపించడు.

ఒప్పంద షరతులు కూడా ఈ ఖాళీని పెంచాయి. పనిని అనుమతి లేకుండా ఇతరులకు అప్పగించరాదన్నది సాధారణ నియమం. అయితే కొలత పని మీద కూలీలను పెట్టుకోవడం ఉపగుత్త కిందికి రాదని కేంద్ర ప్రజాపనుల శాఖ షరతులు మినహాయిస్తాయి. ఒకే మనిషి 1979 చట్టానికి గుత్తేదారు. ఒప్పంద పత్రానికి ఎవరూ కాడు.

తరువాతి మార్పులు కొంత దారి చూపాయి. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టాలు నిర్మాణ వ్యయం మీద కనీసం 1 శాతం సెస్సు విధించి, కార్మికుణ్నే నేరుగా సంక్షేమ మండలిలో నమోదు చేసే మార్గం తెచ్చాయి. ఇక్కడ నమోదుకు కేంద్రం గుత్తేదారు కాదు, కార్మికుడు. అయితే ఊళ్లు మారే వలస కూలీకి ఏ రాష్ట్రంలో నమోదు కావాలన్నదే చిక్కు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతి కాంట్రాక్టు కార్మికుల విషయంలో పరిమితిని 20 నుంచి 50కి, అంతర్రాష్ట్ర వలస కార్మికుల విషయంలో 5 నుంచి 10కి పెంచింది. చిన్న గుంపుతో నడిచే మేస్త్రీ వ్యవస్థకు ఈ పెంపు అర్థం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

మేస్త్రీకి కూడా లైసెన్సు పెడితే తనిఖీల వేధింపు పెరుగుతుందన్న అభ్యంతరంలో నిజం ఉంది. చదువు, ఆస్తి లేనివాణ్ని కాగితాలతో కట్టివేయడం పరిష్కారం కాదు. కానీ పనికి తెచ్చిన మేస్త్రీల పేర్లు, వారి గుంపుల సంఖ్య, చెల్లింపుల లెక్క గుత్తేదారు తుది బిల్లుతో పాటు సమర్పించాలని, ఆ రికార్డు అతని తరగతి పునరుద్ధరణలో లెక్కకు రావాలని నిర్దేశించడం అసాధ్యం కాదు. భారం స్తోమత ఉన్నవాడి మీద పడుతుంది, గుర్తింపు లేనివాడికి దక్కుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, గుత్తేదారుల వర్గీకరణ ప్రజాధనాన్ని కాపాడే సాధనంగా ఎదిగింది. శ్రమను కాపాడే సాధనంగా దాన్ని ఎవరూ రూపొందించలేదు. రెండు, మేస్త్రీని గుర్తించే నిర్వచనం 1979లోనే చట్టంలోకి వచ్చింది. కొరవడింది దాన్ని టెండరు అర్హతతో ముడిపెట్టే నిబంధన. మూడు, నిర్మాణ రంగంలో కూలీల చరిత్ర లభించకపోవడానికి మన నమోదు పద్ధతులే ఒక కారణం.

నకిరేకల్ వంటి కూడలి పట్టణాల చరిత్ర రాసే పరిశోధకులు ప్రభుత్వ దస్త్రాలతో పాటు మేస్త్రీల చిట్టా పుస్తకాలనూ, వలస వెళ్లివచ్చిన వృద్ధుల జ్ఞాపకాలనూ సేకరించవలసి ఉంది. పోరుమామిళ్ల శాసనం వేయిమంది కూలీలనైనా లెక్కించింది. ఆధునిక దస్త్రం వదిలేసిన ఆ లెక్కను ఇప్పుడు కనీసం మౌఖిక చరిత్ర ద్వారా పూరించుకోవాలి.