ఫిలింనగరులో పాట పుట్టుక: వాద్యబృందము మొదలు కంప్యూటరు వఱకు

నేడు ఫిలింనగరు గుట్టల నడుమనో, కృష్ణానగరు సందులలోనో ఒక చిన్న గదిని అద్దెకు తీసికొని, ఒక కంప్యూటరును, ఒక కీబోర్డును, ఒక మైకును ఎదుట నుంచుకొని సంగీతరచన కారంభించు యువకుడు, తెరపై ఒకదాని క్రింద నొకటిగా పఱచుకొనియున్న ట్రాకుల గీతలను చూచి, ఇవి ఏ విదేశపు ఇంజనీరో తన సౌకర్యార్థము కల్పించిన చిహ్నములని తలచుట సహజము. కాని యా గీతలలో ప్రతిదాని వెనుకను ఒకానొక కాలమున ఒక మనుష్యుడు కూర్చుండి యుండెను. అతడు వయొలినో, వేణువో, తబలాయో చేతబట్టి, కండక్టరు చేతి కదలికను చూచుచు, తన వంతు వచ్చువఱకు వేచియుండెడివాడు. ఆ మనుష్యు లెచ్చట కూర్చుండిరో, వారి పని యే క్రమమున తెరపైకి చేరెనో తెలిసికొనుట, సాఫ్టువేరు నేర్వదలచిన వానికి అభ్యాసములో నొక భాగమే యని నా దృఢవిశ్వాసము.

తెలుగు చలనచిత్రము 1932లో భక్త ప్రహ్లాదతో బొంబాయిలో కన్ను తెఱచి, మద్రాసులో పెరిగి పెద్దదయ్యెను. హైదరాబాదున అమీర్‌పేటలో సారథీ స్టూడియో 1950ల యందే వెలసినది. అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారా, జూబిలీ కొండల సరిహద్దున, రాతిగుట్టలు తప్ప మఱేమియు లేని చోట నిర్మించిన అన్నపూర్ణా స్టూడియో 1976 జనవరిలో ప్రారంభమయ్యెను. తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చినవి. కెమెరాలు వచ్చినవి, నటులు వచ్చి ఇండ్లు కట్టుకొనిరి, నిర్మాతల కార్యాలయములు వచ్చినవి. కాని పాట మాత్రము ఎంతో కాలము మద్రాసులోనే నిలిచిపోయినది. హైదరాబాదున చిత్రీకరణ జరుగు చిత్రమునకు సైతము బాణీల సిట్టింగులును, పాటల రికార్డింగును, రీరికార్డింగును చెన్నపట్టణముననే జరుగుచుండెను. ఇందుకు కారణము స్పష్టము. కెమెరాను రైలెక్కించి పంపవచ్చును గాని, నలువది యేబది మంది వాద్యగాండ్ర బృందమును, వారి కుటుంబములతో, వారి శిష్యులతో, వారి పరస్పర పరిచయములతో సహా పెకలించి మఱియొక యూర నాటుట యెవ్వరి తరమును గాదు.

ఆ బృందము పనిచేయు తీరు నేటి అభ్యాసకునకు సవిస్తరముగా తెలియవలసినది. సంగీతదర్శకుడు హార్మోనియము ముందు కూర్చుండి, దర్శకుడును కవియు వినుచుండగా బాణీ కట్టును. సహాయకు డా బాణీని స్వరములుగా వ్రాసికొనును. పల్లవికి ముందు వచ్చు వాద్యభాగమును, చరణముల నడుమ వచ్చు వాద్యభాగములను నిర్ణయించిన పిదప, ఎవరి భాగము వారికి వేఱువేఱు కాగితములపై నకలు తీయబడును. రికార్డింగు థియేటరులో మైకులు స్వల్పము. కావున ఏ వాద్యము మైకునకు ఎంత దూరమున నుండవలెనో నిర్ణయించుటయే నాటి మిక్సింగు. మెల్లని వీణ ముందునకు, గట్టిగా మ్రోగు డోలు వెనుకకు. తొలినాళ్ళలో ధ్వని కాంతిరూపమున ఫిల్ముపై ముద్రితమై, లేబరేటరీలో కడిగిన పిమ్మటనే వినబడుచుండెను గనుక, తప్పు తప్పుగానే మిగిలిపోవునో, లేక బృందమంతయు మొదటినుండి మరల వాయింపవలసి యుండునో అను భయము ప్రతి టేకునందును ఉండెడిది. ఆ భయమే వారిని అభ్యాసమునకు పురికొల్పెను. 1951లో వెలువడిన మల్లీశ్వరి పాటలకై సాలూరి రాజేశ్వరరావుగారును దేవులపల్లి కృష్ణశాస్త్రిగారును నెలల తరబడి శ్రమించిరి. ఆ పాటలను నేడు హెడ్‌ఫోనుతో వినువాడు, ఒక్కొక్క వాద్యము ఎప్పుడు ప్రవేశించుచున్నదో, గొంతు పలుకునపుడు ఏ వాద్యము మౌనము వహించుచున్నదో గమనించినచో, వాద్యములను పొదుపుగా అమర్చు విద్యను గూర్చి ఏ పాఠశాలయు నేర్పలేని పాఠము లభించును.

ఈ వాద్యగాండ్రు తమ జీవనము కొఱకు సంఘటితులు కావలసి వచ్చినది. చిత్తూరున జన్మించిన ఎం. బి. శ్రీనివాసన్‌గారు మద్రాసులో సినీ వాద్యకళాకారుల సంఘమును స్థాపించి, వారి వేతనముల కొఱకు పోరాడిరి. క్రమముగా అయస్కాంతపు టేపును, ట్రాకుల పద్ధతియు వచ్చి, గాయకుని గొంతును వాద్యములనుండి వేఱుపఱచి ముద్రించుట సాధ్యమైనది. ప్రసిద్ధ గాయకుడు రాలేని దినమున ట్రాక్ సింగరుచే పాడించి, అసలు గొంతును తరువాత చేర్చు నాచారము అప్పుడే స్థిరపడినది.

ఇట్లుండగా 1983లో అమెరికా, జపాను దేశముల వాద్యనిర్మాతలు ఏకమై మిడి యను పద్ధతిని లోకమున కందించిరి. దీని స్వరూపమును కొంచెము నిదానముగా చెప్పుట యవసరము, ఏలయన నేటి సాఫ్టువేరులకు ప్రాణ మిదియే. మిడి తీగ వెంట ధ్వని ప్రయాణింపదు. కీబోర్డుపై ఏ మెట్టును నొక్కినారు, ఎంత బలముతో నొక్కినారు, ఎప్పుడు విడిచినారు అను వార్త మాత్రమే ప్రయాణించును. మెట్లు 128, బలము 0 మొదలు 127 వఱకు కొలువబడును, ఒక్క తీగలో 16 మార్గములు. వార్తకు ధ్వనితో సంబంధము లేదు గనుక, ఉదయము పియానోగా వాయించిన దానిని సాయంకాలము వేణువుగా మార్చవచ్చును, తప్పిన స్వరమును తెరపై సరిదిద్దవచ్చును, తాళము తప్పిన చోట గడిలోనికి జరుపవచ్చును. సహాయకుడు కాగితముపై వ్రాసెడి స్వరలిపి, తన్ను తాను వాయించుకొను శక్తిని పొందినట్లయ్యెను.

ఈ మార్పు తెలుగు సంగీతమున ఒకే గృహమునందు రెండు తరముల నడుమ కానవచ్చుట నాకు మిక్కిలి ఆసక్తికరముగా తోచును. రాజేశ్వరరావుగారి కుమారుడు కోటిగారు, టి. వి. రాజుగారి కుమారుడు రాజ్‌గారితో కలిసి, 1980లలో రాజ్-కోటి జంటగా కీబోర్డుల ధ్వనిని తెలుగు పాటలోనికి పుష్కలముగా తెచ్చిరి. తండ్రులు వాద్యబృందములతో కట్టిన దానిని కుమారులు యంత్రములతో కట్టిరి. కాని తాళజ్ఞానమును, బాణీ నడకయు ఆ యిండ్లలో పుట్టినవే. రాజ్-కోటి వద్ద కీబోర్డు వాయించిన దిలీపు అను యువకుడే తరువాత ఎ. ఆర్. రెహమాను. అతడు తన యింటి పెరటిలో కట్టుకొన్న స్టూడియోలో కూర్చుండి 1992లో రోజా చిత్రసంగీతము నందించినప్పుడు, పెద్ద థియేటరు లేకయే పెద్ద సంగీతము పుట్టగలదని దక్షిణదేశమంతయు గ్రహించెను. రాజ్-కోటి, కీరవాణి ప్రభృతుల వద్ద కీబోర్డు వాయించిన మణిశర్మగారు స్వయముగా సంగీతదర్శకులైరి. మణిశర్మగారి వద్ద పనిచేసినవారిలో హేరిస్ జయరాజు, తమను గలరు. గురుకుల మట్లే నిలిచినది. పీట మాత్రము మారినది.

యంత్రము చిన్నదైన కొలది పాటకు ప్రయాణము సులభమయ్యెను. 1985లో వచ్చిన అటారీ కంప్యూటరునకు మిడి ద్వారములు పుట్టుకతోనే యుండెను. 1989లో హాంబర్గు నగరమునుండి వచ్చిన క్యూబేసు అను సాఫ్టువేరు, కాలమును ఎడమనుండి కుడికిని, వాద్యములను పైనుండి క్రిందికిని పఱచి చూపెను. 1991లో ప్రోటూల్సు, 1997లో బెల్జియమునుండి ఫ్రూటీలూప్సు, అదియే నేటి ఎఫ్.ఎల్. స్టూడియో, 2001లో ఏబుల్టన్ లైవు, 2004లో కంప్యూటరుతో పాటు ఉచితముగా వచ్చిన గ్యారేజ్‌బ్యాండు. 1999 తరువాత వాద్యములే సాఫ్టువేరులై కంప్యూటరు లోపలికి చేరినవి. వాద్యబృందమును పెకలింపలేక మద్రాసులో నిలిచిన పాట, ఈ పెట్టెలో కూర్చుండి జూబిలీహిల్సుకు వచ్చి చేరినది. వేఱొక యూర నున్న గాయకుని గొంతు ఫైలుగా వచ్చుచున్నది. జిల్లాలలోని జానపద గాయకులు సైతము తమ యూరనే పాట ముద్రించి లోకమునకు వినిపించుచున్నారు. ఇది గొప్ప మేలు, సంశయింపక చెప్పుచున్నాను.

నష్టమును కూడ అంతే సూటిగా చెప్పవలెను. వయొలిన్ల బృందమునకు వారమంతయు పనియుండిన కాలము గతించినది. పలువురు నిపుణులు వృద్ధాప్యమునకు ముందే పనిలేనివారైరి. సినీపరిశ్రమ వారియెడ చూపవలసినంత ఆదరము చూపలేదని నా యభిప్రాయము.

ఇక ప్రారంభించువానికి ఈ చరిత్రనుండి ఏమి లభించును? ముందుగా గతిని గూర్చి. క్రొత్త ప్రాజెక్టును తెఱచినంతనే సాఫ్టువేరు చతురశ్రమును, అనగా నాలుగు మాత్రల గడిని, పఱచి కూర్చుండును. అది తయారైన దేశముల వాడుక అట్టిది. మన డప్పు దరువులు, కోలాటములు అనేకము తిశ్రగతిలో నడచును. ప్రపంచమంతయు వినిన, 2023 మార్చిలో ఆస్కారు నందుకొన్న నాటు నాటు పాట నడక ఆరు మాత్రలదే. గడిని మార్చుకొనుట యెఱుగని వాడు తన యూరి దరువును యంత్రమునకు తగినట్లు వంచి, తన చేతితోనే దానిని పాడుచేసికొనును. తరువాత గమకము. మిడి మెట్లు పండ్రెండు స్వరస్థానములను మాత్రమే యెఱుగును. స్వరమునకు స్వరమునకు నడుమ వీణ తీగపై వ్రేలు జారు మార్గ మందులేదు. దానికై కీబోర్డు ఎడమవైపున పిచ్ చక్రము కలదు. దాని సూక్ష్మత 16,384 అంశములు, సాధారణముగా ఇరువైపుల రెండేసి స్వరస్థానముల మేర కదలును. కుడిచేతితో మెట్లు నేర్చినంత శ్రద్ధతో ఎడమచేతితో ఆ చక్రమును సాధించినవాడే మన బాణీని కీబోర్డుపై పలికింపగలడు.

మూడవ చిక్కు జాప్యము. పాడినవాని గొంతు తన చెవికే ఆలస్యముగా వినబడి, క్రొత్తవారు దిగులుపడుదురు. సెకనుకు 48,000 నమూనాలు తీయునపుడు, బఫరును, అనగా కంప్యూటరు ఒక్కమారు ప్రోగుచేసికొను నమూనాల సంఖ్యను, 1024గా నుంచినచో ఒక దిశలోనే ఇంచుమించు 21 మిల్లీసెకన్లు గడచును. శబ్దము గాలిలో ఏడు మీటర్లు పోవుటకు పట్టు కాల మది. పాత థియేటరులో వెనుకవరుస తబలా శబ్దము ముందువరుస వయొలిన్‌ను చేరుటకు అట్టి వ్యవధియే పట్టెడిది. అందుచే వారు చెవిని నమ్మక కండక్టరు చేతిని నమ్మిరి. నేడు పాడునపుడు బఫరును 128కి తగ్గించి, మిక్సింగు చేయునపుడు మరల పెంచుకొన్నచో చాలును. ఏ సాఫ్టువేరు మంచిదను చర్చలో కాలము వ్యర్థపుచ్చవలదు. ఉచితముగా దొరికిన దానితో ఒక్క పాటను మొదలునుండి తుదివఱకు ముగించుట ప్రధానము. వీలైనచో ఆ పాటలో ఒక్క వాద్యమునైనను మనుష్యునిచే వాయింపించి, అతనికి తగిన వేతన మిండు.

చివరగా, ఒక విజ్ఞప్తి. మద్రాసు కాలపు స్వరముల కాగితములును, టేపులును ఎన్నో నశించినవి. కాని ముప్పదియేండ్ల నాటి కంప్యూటరు ఫైళ్ళు అంతకంటె వేగముగా నశించుచున్నవి: ఫ్లాపీ యున్నను దానిని చదువు యంత్రము లేదు, యంత్రమున్నను ఆ సాఫ్టువేరు లేదు. కావున క్రొత్తగా ఈ పనికి దిగిన ప్రతివాడును పాట ముగించిన దినముననే ప్రతి ట్రాకును వేఱువేఱుగా, మొదటి మాత్రనుండి తుదిమాత్ర వఱకు, వేవ్ ఫైలుగా తీసి, గతియు, శ్రుతియు, వాయించినవారి పేర్లును ఒక కాగితముపై వ్రాసి రెండు చోట్ల భద్రపఱచవలెను. ఫిలింనగరులోని సంస్థలు, ఇంకను మన మధ్య నున్న నాటి కండక్టర్లను, వాద్యగాండ్రను, కీబోర్డు ప్రోగ్రామర్లను పిలిచి, వారి పనితీరును వారి నోటనే ముద్రించి ఉంచవలెను. ఈ పనిని వచ్చే యేటికి వాయిదా వేయవలదని నా ప్రార్థన.